వి-క్రాస్‌కి స్నార్కెల్ పెట్టిద్దామనుకుంటున్నారా, ముందు ఇది చదవండి

ముందే చెప్పేస్తా, తర్వాత నన్ను తిట్టుకోకుండా. నా ఇసుజు వి-క్రాస్ పికప్‌కి పెట్టించిన స్నార్కెల్, అంటే ఇంజిన్‌కి గాలిని రూఫ్ ఎత్తు నుంచి అందించే గొట్టం, బాగానే ఉంది, పెట్టిన డబ్బుకి న్యాయమైన సరుకే. దాన్ని బండికి బిగించిన పని మాత్రం పరమ దరిద్రం. ఈ రెండింటినీ విడివిడిగా చూడాలి, ఎందుకంటే స్నార్కెల్‌లో సగం వస్తువు, సగం పనితనం. ఆ రెండో సగం తేడా కొడితే బానెట్ పక్కన నిలబడ్డ ఆ నల్ల గొట్టం ఫోటోలకి తప్ప దేనికీ పనికిరాదు. గొట్టానికి అయిదుకి నాలుగు ఇస్తా, మొదటిసారి బిగించిన షాపుకి ఒకటి ఇవ్వడానికి కూడా మనసు రావడం లేదు.

నా సంగతి రెండు ముక్కల్లో. సెల్ టవర్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టు చేస్తాను, రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు వైపు సైట్లు. బ్యాటరీలు, డీజిల్ క్యాన్లు, అప్పుడప్పుడూ జనరేటర్ సామాను వేసుకుని పోవాలి, అందుకే పికప్. బండి 1.9 లీటర్ డీజిల్, ఫోర్ బై ఫోర్, మన శ్రీసిటీలో తయారైందే. ఎండాకాలం ఏ ఇబ్బందీ లేదు. జూలై వచ్చిందంటే మాత్రం కల్వర్టు మీద నుంచి పారే వాగు ఒకటైనా దాటకుండా సైటుకి చేరడం కుదరదు. టవర్ డౌన్ అయితే పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు, "వాగు పొంగింది సార్" అంటే హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చున్నాయనకి ఎక్కదు. సరదాకి బురదలో తిప్పే బ్యాచ్ కాదు నేను, ఆ సరదా ఉన్నవాళ్ళ మీద కోపమూ లేదు, కాకపోతే నాకు ఇంజిన్ పోతే బండితో పాటు పని కూడా ఆగిపోతుంది.

నీళ్ళు ఇంజిన్‌ని ఏం చేస్తాయో తెలియకుండా ఈ కిట్లు కొనేవాళ్ళని చాలామందిని చూశాను కాబట్టి కాస్త చెప్తా. ఇంజిన్ తడిస్తే పాడవదు, పైనుంచి వాన కొట్టినా, కింద నుంచి బురద చిమ్మినా తట్టుకుంటుంది. గాలి పీల్చుకునే దారిలోంచి నీళ్ళు లోపలికి పోతేనే కొంప మునిగేది. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్ళు నలగవు. 1.9 లీటర్ ఇంజిన్ అంటే ఒక్కో సిలిండర్ సుమారు 475 సీసీ. డీజిల్ ఇంజిన్ ఆ గాలినంతా దాదాపు పదహారో వంతుకి నొక్కుతుంది, అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 30 సీసీకి అటూ ఇటూ. దగ్గు మందు సీసా మూతతో రెండు మూడు మూతలు. అంతకు మించి నీళ్ళు చేరాయంటే పిస్టన్ పైకి రాలేదు, వెనక నుంచి మిగతా సిలిండర్లూ బండి బరువూ కలిసి తోస్తుంటాయి, మధ్యలో ఇరుక్కున్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అదృష్టం బాగోకపోతే రాడ్ విరిగి బ్లాకుకి బొక్క పెడుతుంది. హైడ్రోలాక్ అంటారు దీన్ని. ఇంకో లెక్క కూడా చూడండి, ఇదే ఇంజిన్ 2000 ఆర్‌పీఎమ్ దగ్గర టర్బో సంగతి పక్కన పెట్టినా నిమిషానికి 1900 లీటర్ల గాలి లాగుతుంది. ఆ లాగుడుకి మూతి నీళ్ళలో ఒక్క సెకను మునిగినా చాలు.

కంపెనీ ఇచ్చిన గాలి మూతి బానెట్ కింద, ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) లోపలి వైపు ఉంటుంది. నిలవ నీళ్ళలో మెల్లగా పోతే అంత ఎత్తుకి నీళ్ళు రావు. కానీ వాగులో దిగేటప్పుడు ముక్కు కిందికి వాలుతుంది, ఆ క్షణంలో ముందు నుంచి అల బానెట్ మీదకి ఎక్కుతుంది, లేదా ఎదురుగా ఏ లారీయో వస్తే దాని అల వచ్చి కొడుతుంది, లేదా నీటి కింద కొట్టుకుపోయిన రోడ్డు గుంటలో ముందు చక్రం దిగబడుతుంది. స్నార్కెల్ పనికొచ్చేది ఇదిగో ఇలాంటి చోట. గాలి మూతిని రూఫ్ ఎత్తుకి తీసుకుపోతుంది, అంతే, దాని పని అంతవరకే.

ఇక వస్తువు. నేను కొన్నది ఆస్ట్రేలియా సఫారీ లాంటి పేరున్న సరుకు కాదు, అది వి-క్రాస్‌కి తెప్పించుకుంటే ధర చూసి కళ్ళు తిరుగుతాయి. ఆన్‌లైన్‌లో దొరికే మామూలు పాలిథిన్ మౌల్డింగ్, కిట్టు పద్దెనిమిది వేల చిల్లర, బిగింపు కూలి వేరే. పెట్టె విప్పగానే ప్లాస్టిక్ వాసన గుప్పున కొట్టింది. గొట్టం గోడ మందంగానే ఉంది, రెండు చేతులతో పట్టుకుని పిండినా సొట్ట పోలేదు, అతుకు దగ్గర గీత కాస్త మొరటుగా ఉన్నా చీలిక లేదు. ఫెండర్ మీద కూర్చునే వైపు ఇత్తడి నట్లు గొట్టంలోనే పోత పోసి ఉన్నాయి, మరలు ఊడి రాకుండా. కాగితం టెంప్లేట్ ఇచ్చారు, దాన్ని ఫెండర్‌కి అంటించి గుర్తులు పెట్టుకుంటే రంధ్రాలు సరిగ్గానే కలిశాయి, ఇది చిన్న విషయం కాదు, వేరే బండికి వచ్చిన ఇలాంటి చవక కిట్‌లో టెంప్లేటే రెండు వేళ్ళ దూరం తప్పడం చూశాను. రెండు వేసవులు ఎండలో ఉన్నా రంగు తెల్లబారలేదు.

వంక పెట్టాల్సినవి రెండు. కిట్‌తో వచ్చే హోస్ క్లిప్పులు మామూలు ఇనుము మీద మెరుగు పూత, ఒక్క వానాకాలానికే తుప్పు. రెండోది, గొట్టాన్ని ఎయిర్ ఫిల్టర్ డబ్బాతో కలిపే మెలిక గొట్టం. అకార్డియన్ మడతలతో పల్చగా ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. బయట కనిపించే భాగానికి ఖర్చు పెట్టి, అసలు పని చేసే భాగం దగ్గర పైసలు మిగుల్చుకున్నారు.

ఇప్పుడు బిగింపు కథ. హైదరాబాద్‌లో ఒక పెద్ద యాక్సెసరీస్ షాపు, పేరు చెప్పను. లైట్లు, బంపర్లు, రంగురంగుల స్టిక్కర్లు, బండి ఇచ్చిన రోజు సాయంత్రానికే పని అయిపోయింది, రీలు కూడా తీసి పెట్టారు. చూడ్డానికి అదిరింది. వారం తిరక్కుండా ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే, డబ్బా మూత అంచున ఒక వైపు ఎర్రమట్టి చారలు, అంటే ఫిల్టర్ దాకా గాలి పై నుంచి కాకుండా ఇంకెక్కడి నుంచో వస్తోందన్నమాట. షాపుకి ఫోన్ చేస్తే "అది నార్మల్ అన్నా, అన్ని బండ్లకీ ఉంటది" అన్నారు. నార్మల్ ఎలా అవుతుంది? దుమ్ము పోయే సందులోంచి నీళ్ళు పోవా?

విజయవాడ ఆటోనగర్‌లో టిప్పర్లకి, పాత జీపులకి ఇంజిన్ పని చేసే ఒక పెద్దాయన ఉన్నాడు, మా నాన్న బండి కూడా ఆయన దగ్గరకే వెళ్ళేది. తీసుకెళ్ళా. బానెట్ ఎత్తి చూసి ఏమీ మాట్లాడలేదు. స్నార్కెల్ తల విప్పి పక్కన పెట్టి, "స్టార్ట్ చెయ్యి బాబూ, రేజ్ చెయ్యకు" అన్నాడు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా పాత ట్యూబు ముక్క నాలుగు మడతలు వేసి గొట్టం మూతి మీద గట్టిగా అదిమిపెట్టాడు. ఇంజిన్ ఆగాలి కదా? ఆగలేదు. కాస్త గొంతు మార్చుకుని దర్జాగా తిరుగుతూనే ఉంది. ఫెండర్ లోపల నుంచి సన్నగా బుస్సుమని శబ్దం.

"విన్నావా? పైన మూస్తే కింద పీలుస్తంది. ఇంక ఈ గొట్టం ఎందుకు?"

మేస్త్రీ గారు ఓ మీటరు రబ్బరు పైపు తీసుకుని ఒక కొస చెవిలో, రెండో కొస అతుకుల దగ్గర పెట్టుకుంటూ వెతికాడు. మూడు చోట్ల లీకు దొరికింది. ఒకటి, స్నార్కెల్ ఫెండర్‌లోంచి లోపలికి వచ్చే చోట మెలిక గొట్టాన్ని తొడిగి, క్లిప్పు సరిగ్గా అందక పైన సిలికాన్ పూసి వదిలేశారు. వేలి గోటితో లాగితే ఆ సిలికాన్ తొడుగులాగా మొత్తం ఊడొచ్చింది. పాలిథిన్‌కి ఏ గమ్మూ సరిగ్గా పట్టదు, అది ఆ ప్లాస్టిక్ స్వభావం, ఈ పనిలో ఉన్నవాడికి ఈ మాత్రం తెలిసి ఉండాలి. రెండు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత సరిగ్గా కూర్చోలేదు, ఒక క్లిప్పు కింద ఫిల్టర్ అంచు మడత పడి ఉంది. మూడోది అందరూ మర్చిపోయేది, డబ్బా అడుగున నీళ్ళు కారడానికి కంపెనీవాళ్ళే పెట్టిన రంధ్రం. మామూలుగా అది మంచిదే, వానలో కాస్త తేమ లోపలికి వచ్చినా కిందకి కారిపోతుంది. బండి నీళ్ళలో దిగినప్పుడు అదే రంధ్రం లోపలికి పీల్చుకుంటుంది. డబ్బా ఉండేది బానెట్ కింద, గొట్టం తల ఉండేది రూఫ్ దగ్గర, మీరు రూఫ్ దగ్గర ఎంత ఖర్చు పెట్టినా ఇంజిన్ పీల్చేది ముందు దగ్గర్లో దొరికిన బొక్కలోంచే.

ఆ రంధ్రాన్ని పూర్తిగా మూసేద్దామన్నాను నేను, ఆయన వద్దన్నాడు. స్నార్కెల్ తల ముందుకి తిరిగి ఉంటే గట్టి వానలో కొంత నీళ్ళు లోపలికి రాకమానవు, తలలో చీలికలు ఉన్నా అన్నీ అక్కడే కారిపోవు, మిగిలినవి డబ్బాలోకి దిగుతాయి, అక్కడ దారి మూసేస్తే ఫిల్టర్ నానుతుంది. అందుకని ట్రాక్టర్ల ఎయిర్ క్లీనర్ కింద వేలాడే రబ్బరు డస్ట్ వాల్వ్ ఉంటుంది చూడండి, బాతు ముక్కు లాంటి చీలికతో, అలాంటిది చిన్నది తెచ్చి బిగించాడు. ఇంజిన్ పీలుస్తున్నప్పుడు దాని పెదాలు మూసుకుంటాయి, ఆపినప్పుడు నీళ్ళుంటే కిందకి వదులుతుంది. కొన్ని బండ్లకి కంపెనీ నుంచే ఇలాంటిది వస్తుందట. ఖరీదు చెప్తే నవ్వుతారు, రెండు టీలు, ఒక సమోసా.

మెలిక గొట్టం తీసి అవతల పారేసి, టర్బో పైపులకి వాడే మందపాటి సిలికాన్ రబ్బరు హోస్ వేశాడు, రెండు వైపులా స్టెయిన్‌లెస్ టీ-బోల్ట్ క్లాంపులు. గమ్ము ఎక్కడా లేదు, అంతా బిగింపు మీదే. షాపువాళ్ళు ఫెండర్‌లో రంధ్రం కోసి అంచుకి ప్రైమర్ కూడా కొట్టకుండా వదిలేశారు, అప్పటికే ఎర్రగా తుప్పు పొడి రాలుతోంది, దాన్ని గీకి, ప్రైమర్ పూసి, రంగు వేసి, అంచుకి రబ్బరు బీడింగ్ తొడిగాడు. మళ్ళీ ట్యూబు ముక్క పెట్టి మూస్తే ఇంజిన్ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. ట్యూబు ముక్క మూతికి అతుక్కుపోయింది, లాగి తీయాల్సొచ్చింది. ఇంత చిన్న పరీక్ష ఆ పెద్ద షాపులో ఎందుకు చేయలేదంటే, చేస్తే డెలివరీ సాయంత్రానికి అవదు మరి. ఈ పరీక్ష చేసేటప్పుడు ఐడిల్‌లోనే చేయండి, రేజ్ చేసి మూస్తే పల్చటి పైపులు లోపలికి నలిగిపోతాయి, అరచేయి మాత్రం పెట్టకండి.

బండి మీద తేడా ఏంటంటే, మైలేజీ అటూ ఇటూ కాలేదు, పవర్ పెరిగిందని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి. ఎనభై దాటితే కిటికీ దగ్గర సన్నటి ఈల, టర్బో ఊపిరి కూడా వినపడుతుంది, మొదట్లో చిరాకు, తర్వాత అలవాటు. మలుపుల్లో పిల్లర్ పక్కన ఇంకో లావు పిల్లర్ వచ్చినట్టు అడ్డం, మారేడుమిల్లి ఘాట్‌లో ఎదురు బస్సు వచ్చేటప్పుడు మెడ చాచి చూడాలి. అసలు లాభం నాకు వానాకాలం కంటే ఎండాకాలంలో ఎక్కువ కనిపించింది, ఇది ఊహించనిది. మట్టి రోడ్డు మీద ముందు బండి లేపే దుమ్ములో ఎక్కువ భాగం చక్రాల ఎత్తులోనే ఉంటుంది, రూఫ్ దగ్గర గాలి అంతకంటే శుభ్రం. ఫిల్టర్ ఊదించడం బాగా తగ్గింది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో తిరిగే పికప్ ఉన్నవాళ్ళకి వాగు లేకపోయినా ఇది పనికొస్తుంది.

నీళ్ళలో ఎలా ఉందంటారా? పాములేరు వాగు లాంటి చోట కాదు, పేరు కూడా లేని ఒక పిల్ల వాగు, బండి ఎక్కే మెట్టు మునిగి తలుపు అడుగుకి తగిలేంత నీళ్ళు, దిగేటప్పుడు అల లేచి బానెట్ మీద సగం దాకా ఎక్కింది. ఒడ్డెక్కాక ఆపి డబ్బా మూత తీసి ఫిల్టర్ అంతా వేలితో తడిమి చూశా, పొడిగా ఉంది, అడుగున తేమ కూడా లేదు. ఇది మేస్త్రీ పనికి వచ్చిన మార్కు, కిట్టుకి కాదు.

ఇక్కడ కాస్త గట్టిగా చెప్పాల్సింది ఉంది. స్నార్కెల్ ఉంది కదా అని లోతు పెరిగిపోదు. ఫోర్స్ గుర్ఖాకి కంపెనీ నుంచే స్నార్కెల్ వస్తుంది, వాళ్ళు చెప్పే నీటి లోతు 700 మిల్లీమీటర్లు. స్నార్కెల్ లేని టయోటా హైలక్స్‌కి చెప్పేదీ 700. మహీంద్రా థార్ 650. గొట్టం రూఫ్ దాకా ఉన్నా గుర్ఖావాళ్ళు రూఫ్ దాకా వెళ్ళమనలేదు, ఎందుకంటే ఇంజిన్ గాలి ఒక్కటే కాదు సమస్య. వైరింగ్ కనెక్టర్లు, ఆల్టర్నేటర్, స్టార్టర్, తలుపు సీళ్ళు, అన్నీ కిందే ఉన్నాయి. పైగా బండి తేలుతుంది. వెనక ఖాళీగా ఉన్న పికప్ అయితే మొదట తోక లేస్తుంది, వెనక చక్రాలు నేల వదిలేస్తే ఫోర్ బై ఫోర్ ఏం చేస్తుంది? పారే నీళ్ళు రెండు అడుగులుంటే చాలు, పికప్‌లని కూడా లాక్కుపోతాయని అమెరికా వాతావరణ శాఖ వాళ్ళ జనానికి ఎప్పటి నుంచో చెప్తోంది. చింతూరు, వీఆర్ పురం మధ్య సోకిలేరు పొంగినప్పుడు ఒడ్డున నిలబడి చూసినవాడికి ఈ లెక్క వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి రోజున టవర్ డౌన్ ఉంటే ఉంటుంది, వాగు తగ్గాకే.

స్నార్కెల్ కంటే ముందు చేయించాల్సిన పని ఒకటుంది, దాని గురించి ఎవరూ రీలు తీయరు. డిఫరెన్షియల్ బ్రీదర్, అంటే చక్రాలని తిప్పే గేర్ల పెట్టెకి ఊపిరి రంధ్రం. వెనక యాక్సిల్ హౌసింగ్ మీద చిన్న మూత లాంటిది ఉంటుంది, లోపలి గాలి వేడెక్కితే బయటకి వదలడానికి. ఘాట్ ఎక్కి వచ్చిన యాక్సిల్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది, తిన్నగా చల్లటి వాగులో దింపుతాం, లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది, ఆ ఖాళీ నింపుకోవడానికి బ్రీదర్ దగ్గరో, పాత సీల్ దగ్గరో నీళ్ళు లోపలికి లాక్కుంటుంది. వెంటనే ఏమీ తెలియదు. కొన్నాళ్ళకి డ్రెయిన్ ప్లగ్గు తీస్తే గేర్ ఆయిల్ తెల్లగా, నురగగా, చిక్కగా వస్తుంది. అప్పటికే బేరింగులకి మచ్చలు పడి ఉంటాయి, అరవై స్పీడులో వెనక నుంచి ఊళ పెట్టడం మొదలవుతుంది, ఇంక బిల్లు సంగతి మీరే ఊహించుకోండి. దీనికి మందు ఏంటంటే ఆ మూత తీసేసి, నిపుల్ వేసి, డీజిల్ పైపు లాంటి సన్నటి హోస్ ఛాసిస్ వెంట పైకి తీసుకుపోయి టెయిల్ ల్యాంప్ వెనకో, బానెట్ కిందో ఎత్తుగా వదలడమే. గేర్ బాక్సుకీ, ముందు వెనక చక్రాలకి పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకీ కూడా అంతే. స్నార్కెల్ కూలికి అయిన దాంట్లో నాలుగో వంతు కూడా అవ్వలేదు నాకు. బడ్జెట్ ఒక్కదానికే ఉంటే ఇదే చేయించండి, గొట్టం వచ్చే ఏడాది.

ఇంజిన్ ముందు ఉండే ఫ్యాను సంగతి కూడా. ఇంజిన్‌తో తిరిగే ఫ్యాను నీళ్ళని కోస్తే రెక్కలు ముందుకి వంగి రేడియేటర్‌ని తాకే ప్రమాదం ఉంది. కాబట్టి లోతున్న చోట బానెట్ ముందు భాగానికి టార్పాలిన్ ముక్క కట్టుకోండి, గ్రిల్‌లోంచి నీళ్ళు నేరుగా రాకుండా. వేరే ఎక్స్‌పెన్సివ్ కవర్లు అమ్ముతారు, అవసరం లేదు, ఎరువుల బస్తాలు కప్పే పట్టా చాలు. ఫోర్ లో (నాలుగు చక్రాలూ మెల్లగా, బలంగా తిరిగే మోడ్) పెట్టుకుని మొదటి గేరో, రెండో గేరో, నడక వేగం కంటే కాస్త ఎక్కువ, ముందు ఒక అల తోసుకుంటూ దాని వెనకే పోవాలి. మధ్యలో క్లచ్ తొక్కకూడదు. దిగే ముందు ఎవరైనా ఒకరు కర్రతో నడిచి చూడాలి, నడిచే మనిషి నిలబడలేకపోతే బండీ నిలబడదు. ఎండ్రకాయలు పట్టే కుర్రాళ్ళని అడిగితే ఆ వాగులో గుంట ఎక్కడుందో మ్యాపు కంటే బాగా చెప్తారు.

ఒకవేళ మధ్యలో ఆగిపోయిందా, సెల్ఫ్ కొట్టకండి. ఎంత టెన్షన్‌లో ఉన్నా తాళం ముట్టుకోవద్దు. ఆగిన ఇంజిన్‌లో నీళ్ళున్నా రాడ్ అప్పటికి బాగానే ఉండొచ్చు, సెల్ఫ్ కొట్టిన దెబ్బతో అదే వంగేది. బయటకి లాగించి, గ్లో ప్లగ్గులో, ఇంజెక్టర్లో విప్పి, చేత్తో తిప్పి నీళ్ళు బయటకి కొట్టించాలి, ఆయిల్ చూడాలి, ఆ తర్వాతే స్టార్ట్. ఇది ఇన్సూరెన్స్‌కీ సంబంధం ఉన్న విషయమే. మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీలో ఇలా నీళ్ళు పోయి ఇంజిన్ పగలడాన్ని పర్యవసాన నష్టం అని చెప్పి పక్కన పెడతారు, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ విడిగా తీసుకుంటేనే దారి. అది ఉన్నా, మునిగిన బండిని మీరే స్టార్ట్ చేశారని సర్వేయర్‌కి అనిపిస్తే పేచీ పెడతారు. ఫోటోలు తీసి, లాక్కెళ్ళే బండికి కట్టి పంపించండి.

నిలబెట్టిన బండికి స్నార్కెల్ ఏం చేయదు అనేది కూడా మర్చిపోకండి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వచ్చినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళ ముందు పెట్టిన బండ్లు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. అక్కడ ఇంజిన్ నడవనే లేదు, గాలి పీల్చే ప్రశ్నే లేదు. సైలెన్సర్ లోంచి, బ్రీదర్ల లోంచి, వైరింగ్ లోంచి బురద నీళ్ళు మెల్లగా ఎక్కాయి. అలాంటి వార్నింగ్ వచ్చినప్పుడు బండిని ఫ్లైఓవర్ ఎక్కించి పెట్టినవాడే తెలివైనవాడు.

పోలీసులు, ఆర్టీఓ సంగతి అడుగుతారు కాబట్టి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్పులు చేయకూడదు, 2019 జనవరిలో సుప్రీం కోర్టూ ఆ మాటే అంది. గుర్ఖాకి కంపెనీదే కాబట్టి గొడవ లేదు, మనలా బయట పెట్టించుకున్నవాళ్ళని ఆపితే వాదించడానికి చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. ఏజెన్సీలో ఎవరూ పట్టించుకోలేదు, హైదరాబాద్‌లో ఒకసారి ఆపి చూసి వదిలేశారు. వారంటీలో ఉన్న బండి అయితే ఫెండర్‌కి రంపం పెట్టే ముందు సర్వీస్ సెంటర్‌లో అడిగి చూసుకోండి.

కాబట్టి ఎవరు కొనాలి అంటే, వానాకాలంలో తప్పనిసరిగా వాగులు దాటాల్సిన ఉద్యోగం ఉన్నవాళ్ళు, దుమ్ము రోడ్ల మీద కాన్వాయ్‌లో తిరిగేవాళ్ళు. ఊర్లో, హైవే మీద తిరిగే బండికి మారేడుమిల్లి దగ్గరి గుడిసె కొండ ఎక్కే సరదా ఏడాదికి ఒకసారి ఉంటే, ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించండి. కొంటే మాత్రం కిట్టు పెట్టెలోని మెలిక గొట్టం, క్లిప్పులు షాపులో వాళ్ళకే వదిలేసి, బిగించే కుర్రాడికి మందపాటి హోస్, స్టెయిన్‌లెస్ క్లాంపులు మీరే కొని ఇవ్వండి, ట్యూబు ముక్క పరీక్ష మీ కళ్ళ ముందు చేశాకే బ్యాలెన్స్ డబ్బు కట్టండి. గొట్టం తల ముందుకి తిప్పాలా వెనక్కి తిప్పాలా అని అడిగేవాళ్ళకి, నేను జూన్ నుంచి అక్టోబర్ దాకా వెనక్కి, మిగతా రోజులు ముందుకి, ముందు వెళ్ళే బండి దుమ్ము మరీ ఎక్కువగా ఉంటే ఆ రోజుకి మళ్ళీ వెనక్కి. ఒక్క క్లాంపే, స్క్రూ డ్రైవర్ ఉంటే నిమిషం పని.